చెరసాల ఆజ్ఞలో పేరు

దీవికి పోయే ఓడ ఆ పూటే కదులుతుంది. ముద్ర లేని పత్రంతో ఓడెక్కితే తల తీస్తారు. ఓడతాళ్లు పేనే నూకాలు తన ప్రయాణ పత్రానికి ముద్ర వేయించుకోవడానికి ముద్రాధికారి ముందు నిలబడింది.

"నువ్వు నూకాలే అని నమ్మకమేమిటి? దొంగపేరుతో వచ్చావు!" అని గద్దించాడాయన. "లేఖకా, దీన్ని చెరసాలలో వెయ్యమని రాయి."

"ఎవరినని రాయను ప్రభూ?"

"ఇంకెవరిని? తాళ్లు పేనే నూకాల్ని!" అంటూ ఆజ్ఞ మీద ముద్ర గుద్దాడు.

 నూకాలు చేతులు జోడించింది. "అయ్యా, నేను నూకాల్నైతే దొంగపేరు చెప్పలేదు. కాకపోతే ఆ ఆజ్ఞలో ఉన్న పేరు నాది కాదు. నన్ను ఎందుకు వేస్తారు?"

అధికారి ఆజ్ఞ పక్కన పెట్టి నూకాలు పత్రం అందుకున్నాడు. పత్రం మీద ముద్ర పడింది.

ఒడ్డు కనుమరుగయ్యేదాకా నూకాలు ఆ పత్రం పట్టుకున్న గుప్పిట సడలించలేదు.