దవనం వాసన చూసిన మూడు ఆకులు

అనగనగా ఒక అడవి. ఆ అడవికి ఒక ఆఫీసు. అడవికి ఆఫీసెందుకని అడక్కండి పిల్లలూ, ఉందంటే ఉంది. రెండు పెద్ద బండల మధ్య, నీడపట్టున ఉంది. ఏటికి అవతలి పరాయి సీమకు వెళ్ళదలచిన ఏ జంతువైనా అక్కడికి ఒక మోదుగాకు పట్టుకుని రావాలి. దాని మీద ఒంటి వాసన రుద్ది ఇవ్వాలి. ఆఫీసువాళ్ళు ముద్ర వేస్తేనే పొలిమేర దాటాలి.

ఆ ముద్ర వేసేది దవనం అనే పునుగుపిల్లి. పునుగు వాసన ఎండకు ఎగిరిపోదు, వానకు కొట్టుకుపోదు. అందుకే ఆ పని దానికిచ్చారు. వచ్చిన ఆకును మూచూడాలి, అంటే ముక్కుతో వాసన పట్టాలి. తెచ్చినవాళ్ళదేనా కాదా తేల్చుకోవాలి. తోక కింద ఒకసారి రాసి పక్కన పెట్టాలి. మళ్ళీ ఇంకో ఆకు. ఆరేళ్ళుగా ఇదే పని. ఎందరినో ఏరు దాటించింది, తను మాత్రం ఆ బండ దిగలేదు.

పక్కనే పట్టమ్మ అనే ఏదుపంది కూర్చుని, తన ముల్లుతోనే చిట్టా రాసేది. పేరు పట్టమ్మ, ఒళ్ళంతా ముళ్ళు. మాటా అంతే.

ఆ ఏడు మామిడిపళ్ళ కాలంలో సింగారం అనే కొండముచ్చు వచ్చాడు. పరాయి సీమలో పనులిప్పించడం వాడి వృత్తి. రెండేళ్ళ కిందట దవనం పిన్ని కూతురు మాచిని తీసుకెళ్ళింది వాడే. వస్తూనే ఒక ఆకు దవనం ముందు పెట్టాడు.

"మాచి పంపింది, దవనమ్మా. వాసన చూసుకో. రోజూ మామిడిపళ్ళు తింటోందట. అక్కను కూడా రమ్మంటోంది. అక్కడ పునుగుపిల్లి అంటే ఎంత మర్యాదనుకున్నావు! మెత్తటి పడక, వేళకు తిండి. చేయాల్సిన పనేమీ లేదు, ఊరికే సువాసన ఇస్తే చాలు."

దవనం ఆకు మూచూసింది. మాచి వాసనే. దాని గుండె ఒక్కసారి ఎగిరింది. అయినా అడిగింది.

"అన్నా, అక్కడికెళ్ళి తిరిగొచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఒకసారి మాట్లాడతాను."

"అంత బాగుంటే ఎవరు తిరిగొస్తారమ్మా?" అని నవ్వాడు సింగారం.

జవాబు బాగానే ఉంది. కానీ దవనానికి ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకున్నట్టయింది. వాడి తోక తడిగా ఉందని కూడా అప్పుడే చూసింది. ఎండకాలం కదా, ఏట్లో మునిగి వచ్చుంటాడనుకుంది.

వానలు పడ్డాక సింగారం మళ్ళీ వచ్చాడు. మళ్ళీ ఒక ఆకు. "మాచి ఇప్పుడు మేడిపళ్ళు తింటోంది, లావెక్కింది" అన్నాడు. ఈసారి ఒక షరతు కూడా పెట్టాడు.

"ముందు ఉద్యోగానికి రాజీనామా ఇవ్వాలి. ఆ తరువాతే తీసుకెళతాను. సగం మనసుతో వచ్చేవాళ్ళు అక్కడివాళ్ళకు వద్దట."

"సెలవు పెట్టి వెళ్ళి, చూసొచ్చాక ఇస్తే?"

"అబ్బే, కుదరదు. నీ వెనక ఇంకా పదిమంది ఉన్నారు మరి."

వాడు వెళ్ళాక పట్టమ్మ చిట్టాలోంచి తల ఎత్తకుండానే అంది.

"ఏమే, ఆ పదిమందిలో ఒక్కరైనా మన దగ్గరికి ఆకు పట్టుకొచ్చారా? చిట్టా రాసేది నేనే కదా, నాకు కనబడలేదేం?"

"నీకు అందరి మీదా అనుమానమే, అత్తా."

"నాకు ముళ్ళు ఊరికే మొలిచాయనుకున్నావా?"

దవనం నవ్వేసింది కానీ ఆ రోజంతా దాని బుర్ర పని మీద లేదు. ఇక్కడుంటే ఈ బండ మీదే ముసలిదైపోతుంది. వెళితే? వెళ్ళాక బాగాలేకపోతే? రాజీనామా ఇచ్చిన మరునాడే ఆ చోటులో ఇంకొకరు కూర్చుంటారు. పై అధికారి ఎలుగుబంటి బుచ్చన్నగారు తేనె తాగి నిద్రపోవడంలో ఎంత నిదానమో, ఖాళీ నింపడంలో అంత చురుకు. అయినా దవనం రాజీనామా ఆకు సిద్ధం చేసుకుంది. ఇవ్వలేదు, పారేయనూ లేదు.

చలికాలం వచ్చింది. పొద్దుటి ఎండ ఇంకా బండల మీదికి ఎక్కలేదు. సింగారం మూడోసారి వచ్చాడు. మూడో ఆకు పెట్టాడు.

"మాచి రేగుపళ్ళు తింటోంది. ఇదే ఆఖరి పిలుపు, దవనమ్మా. ఇప్పుడే రాజీనామా ఇచ్చెయ్. పద."

దవనం లేచింది. బుచ్చన్నగారి ముందు రాజీనామా పెట్టేసింది. ఆయన ఒక కన్ను తెరిచి, "సరే" అని మూసుకున్నారు. ఆరేళ్ళ ఉద్యోగం ఆ ఒక్క మాటతో పోయింది.

కొత్తవాళ్ళు ఇంకా రాలేదు కనుక తన ప్రయాణపు ఆకు మీద తనే ముద్ర వేసుకోవాలి. వేయబోతూ సింగారం వైపు చూసింది. వాడు వణుకుతున్నాడు. తోక నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఏటి మీద వంతెనలా ఒక పెద్ద చెట్టు మాను అడ్డంగా పడి ఉంది, తడవకుండా దాటొచ్చు. మరి ఇంత చలిలో ఎవరైనా పొద్దున్నే మునుగుతారా? ఒంటికి ఏ వాసన అంటుకుందని అంతగా కడుక్కుంటున్నాడు?

"ఒక్క నిమిషం, అన్నా" అంది. బండ సందులో దాచిన పాత ఆకులు రెండూ తీసింది. మూడూ పక్కపక్కన పరిచింది.

"ఎందుకమ్మా ఆలస్యం? మాచి వాసనే కదా!" అన్నాడు సింగారం.

అవును, మాచి వాసనే. ఆరేళ్ళుగా దవనం చూసింది అదే. ఎవరి వాసన అని. ఆ వాసన ఇచ్చిన ప్రాణి ఎలా ఉందని చూడటం దాని పనిలో లేదు, అందుకని ఎప్పుడూ చూడలేదు. ఈసారి కళ్ళు మూసుకుని నిదానంగా మూచూసింది.

పునుగుపిల్లి తిన్నదంతా దాని ఒంటి వాసనలో తెలుస్తుంది. మామిడిపళ్ళ కబురుతో వచ్చిన ఆకులో మామిడి లేదు. మేడి ఆకులో మేడి లేదు. రేగు ఆకులో రేగు లేదు. మూడింటిలోనూ ఒకటే పాచి గంజి వాసన. ఒకటే భయం వాసన. మూడూ ఒకే పూట రుద్దినవి. వాటి అడుగున ఇంకొకటి ఉంది. తుప్పు పట్టిన ఇనుము. ఎంత కడిగినా అది అరచేతి గీతల్లోంచి పోదు.

"అన్నా, నీ అరచెయ్యి ఒకసారి చూపించు" అంది దవనం.

సింగారం చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. "నన్నే అనుమానిస్తావా? నీలాంటివాళ్ళకు మేలు చేయబోవడం నాదే బుద్ధి తక్కువ!"

"మేలు చేసేవాడివి చెయ్యి దాచుకుంటావేం నాయనా?" అంది పట్టమ్మ, ముళ్ళు విప్పుతూ.

కొండముచ్చు ఒక్క గెంతున చెట్టెక్కి పరారయ్యాడు. కంగారులో ఈసారి ఏట్లో మునిగి వాసన కడుక్కోవడం కుదరలేదు. తడి తోక ఆనిన ప్రతి కొమ్మ దారి చెబుతూనే ఉంది. దవనం ఆ జాడ పట్టుకుని పరుగెత్తింది. పట్టమ్మ గొణుగుతూ వెనకే వెళ్ళింది. మాను మీదుగా ఏరు దాటారు.

మిట్టమధ్యాహ్నానికి ఒక తోట చేరారు. అత్తరు చేసే మనుషుల తోట. మనుషులు అన్నాలు తిని చెట్ల కింద కునుకు తీస్తున్నారు. పాక నీడలో ఇనుప చువ్వల బోనులు వరసగా ఉన్నాయి. ప్రతి బోనులో ఒక పునుగుపిల్లి. రోజూ వాటిని చువ్వలకు నొక్కి, ఒంటి సువాసన గీకి తీసుకుంటారు. ఒక్కో పిల్లిని తెచ్చినందుకు సింగారానికి ఒక అరటి గెల. పాక వెనక గెలలు వేలాడుతూనే ఉన్నాయి.

చివరి బోనులో మాచి ఉంది. చిక్కి చీపురుపుల్లయింది.

బోను తలుపులన్నీ పలుపుతాళ్ళతో కట్టి ఉన్నాయి. ఏదుపంది పళ్ళు ఎంత పదునో మీకు తెలుసు కదా. పట్టమ్మ ఒక్కో తాడూ కొరికేసింది. పిల్లులన్నీ చప్పుడు చేయకుండా ఏటి వైపు పారిపోయాయి. మాచి మాత్రం దవనం ఎదుట నిలబడింది.

"అక్కా, నేను వచ్చేటప్పుడు నా ఆకు మీద ముద్ర వేసింది నువ్వే."

"అవును."

"అప్పుడు ఒక్క మాట అడిగావా, ఎవరి వెంట వెళుతున్నావు, ఎక్కడికి వెళుతున్నావు అని?"

దవనం అబద్ధం చెప్పలేదు. "అడగలేదు. నీదో కాదో చూశాను, ముద్ర వేశాను. ఆ పూట ఇంకా నలభై ఆకులున్నాయి."

మాచి ఏటి వైపు నడిచింది. ముగ్గురూ ఏరు దాటారు.

బుచ్చన్నగారికి సంగతి చెప్పారు. ఆయన ఈసారి రెండు కళ్ళూ తెరిచారు. సింగారం మళ్ళీ కనబడితే తోక పట్టుకుని తన దగ్గరికి ఈడ్చుకురమ్మన్నారు. వాడు ఆ చుట్టుపక్కల మళ్ళీ కనబడలేదు. "నీ ఉద్యోగం నువ్వు తీసుకో" అన్నారు దవనంతో.

"వద్దండి, నేను వెళతాను" అంది దవనం.

పట్టమ్మ నోరు తెరిచింది. "ఇంత చూశాక కూడానా?"

"నేను చూసింది ఒక మోసగాణ్ణి, అత్తా. లోకాన్ని కాదు."

ఆ చలికాలం చిత్తడి నేలలో కొంగలు దిగాయి. ఏటా వచ్చి, ఏటా వెళ్ళే కొంగలు. దవనం మూడు రోజులు వాటి పక్కనే కూర్చుని అడిగింది. కొండల అవతల తిండి ఏమిటి? ఏ ఊరి వైపు పోకూడదు? తిరిగొచ్చే దారి ఏ నెలలో మూసుకుపోతుంది? పెద్ద కొంగ విసుక్కుంటూనే అన్నీ చెప్పింది. మంచి సంగతులకు రెట్టింపు చెడ్డ సంగతులు చెప్పింది. అప్పుడు దవనానికి నమ్మకం కుదిరింది. నాలుగోరోజు పొద్దున బయలుదేరి తన కాళ్ళ మీద తను వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఆ బండ మీద మాచి కూర్చుంటోంది. దాని ముందు ఆకుల గుట్ట పెరిగిపోతుంటే జంతువులు సణుగుతాయి. అయినా ప్రతి ఒక్కరినీ అడుగుతుంది, "అక్కడి నుంచి తిరిగొచ్చినవాళ్ళు ఎవరు? వాళ్ళను నాకు చూపించు." చూపిస్తేనే ముద్ర.

నీతి: పరాయి సీమకు వెళ్ళడం తప్పు కాదు, కానీ దాని గురించి అడగవలసింది తీసుకెళతానన్నవాణ్ణి కాదు, వెళ్ళి తిరిగొచ్చినవాణ్ణి.