నాంచారమ్మ చింతపిక్కల మూట

అనగా అనగా, అప్పు పుట్టకుండా ఒక్క ఇల్లూ పుట్టని ఊరొకటి ఉండేది. దాని పేరు తూముపాలెం.

ఆ ఊళ్లో ఇల్లు కట్టుకోవాలంటే స్థలం పత్రం షావుకారు దగ్గర తాకట్టు పెట్టాలి. షావుకారుకు మనుషుల గుణం తెలియదు. మనుషులకు షావుకారంటే భయం. ఆ ఇద్దరినీ కలిపేవాళ్లు దళారులు. నాంచారమ్మ అలాంటి దళారి.

ఎవరికైనా అప్పు ఇప్పించే ముందు ఆమె వాళ్ల బావి దగ్గరికి వెళ్లి చేదతాడు చూసేది. తాడు చక్కగా చుట్టి ఉంటే, "ఈ మనిషి మాట తప్పడు, పూచీ నాది" అని షావుకారుకు చెప్పేది. ఆమె పూచీ ఏనాడూ వమ్ము కాలేదు. ఆ ఊళ్లో ఎన్నో ఇళ్ల దూలాలు ఆమె అరికాళ్ల అరుగుదల మీదే నిలిచాయి.

అప్పు కుదిరినప్పుడల్లా షావుకారు దళారికి దస్తూరీ, అంటే కుదిర్చినందుకు ప్రతిఫలం, కట్టాలి. దానికి ఆ ఊరి ఆచారం ఒకటుంది. షావుకారు ఆ సొమ్మును పసుపు గుడ్డలో మూట కడతాడు. ముడి పడేటప్పుడు అప్పు తీసుకున్నవాళ్లు దాని మీద వేలు పెట్టాలి. దళారి మాత్రం గోడవైపు తిరిగి నిలబడాలి. తన దస్తూరీని తానే చూసుకుంటే అత్యాశట!

ఆ మూట నేరుగా దళారికి రాదు. దళారుల కూటానికి పెద్ద అయిన భూషణం దగ్గరికి పోతుంది. ప్రతి పౌర్ణమికీ సావడిలో భూషణం తన ఎత్తుపీట మీద కూర్చుంటాడు. ఒడి నుంచి పీట అడుగుదాకా పచ్చని పట్టుగుడ్డ పరుచుకుంటాడు. ఒక్కో దళారినీ లోపలికి పిలిచి, గుడ్డ కింద చేతిలో చెయ్యి పెట్టి వాళ్ల వంతు ఇస్తాడు. ఎవరికెంత వచ్చిందో మరొకరు చూడకూడదు, అడగకూడదు. అది మర్యాద అనేవాడు భూషణం. పిల్లలూ, మర్యాద మంచిదే. కానీ అది ఎవరి పెట్టెను కాపాడుతోందో ఒకసారి చూసుకోవాలి.

ఆ ఏడు వానలకు నాంచారమ్మ సొంత ఇంటి గోడే కూలిపోయింది. ఊరందరికీ అప్పులు ఇప్పించిన మనిషి తన ఇల్లే తాకట్టు పెట్టి, షావుకారు పానకాలు దగ్గర అప్పు తెచ్చి గోడ లేపుకుంది. "రాబోయే మూడు పౌర్ణముల దస్తూరీతో తీర్చేస్తాను" అని మాట ఇచ్చింది.

మొదటి పౌర్ణమి వచ్చింది. గుడ్డ కింద భూషణం చెయ్యి ఖాళీగా తగిలింది.

"దారిలో ఉందమ్మా, వచ్చేస్తుంది" అన్నాడతను.

రెండో పౌర్ణమి వచ్చింది. మళ్లీ ఖాళీ చెయ్యే.

"వచ్చింది గానీ చిల్లర లేదు. వచ్చే నెల కలిపి ఇస్తాలే."

ఇంత జరిగినా నాంచారమ్మ ఎవరికీ చెప్పలేదు. ఎలా చెబుతుంది? తన సొమ్మే రాబట్టుకోలేని దళారిని నమ్మి తాకట్టు పెట్టేవాళ్లెవరు? అందుకని సంచిలో చింతపిక్కలు పోసుకుంది. దస్తూరీ అందినవాళ్లలా నోట్లో తాంబూలం పెట్టుకుంది. సంచి గలగలలాడించుకుంటూ, పెదవులు ఎర్రగా మెరిపించుకుంటూ సావడి మెట్లు దిగింది.

మధ్యలో ఒకనాడు గడువు అడుగుదామని పానకాలు దగ్గరికి వెళ్లింది. ఆయన చెడ్డవాడు కాదు. కానీ ఆ రోజు ముఖం చిట్లించుకున్నాడు.

"ఏం నాంచారమ్మా! నీ సంచి మోత మా వీధి చివరిదాకా వినిపిస్తోంది. నా అప్పు దగ్గరికొచ్చేసరికి మాత్రం మూగబోతోందే! పౌర్ణమి మర్నాడు కడితే సరి. లేదంటే నీ తలుపుకు నా తాళం పడుతుంది."

సంచిలో ఉన్నవి చింతపిక్కలని చెప్పాలని ఆమె నోటిదాకా వచ్చింది. కానీ పరువు అడ్డొచ్చింది. తాను మోగించిన మోతే తన మెడకు చుట్టుకుందని గ్రహించి, తల వంచుకుని వచ్చేసింది.

మూడో పౌర్ణమి రానే వచ్చింది. గుడ్డ కింద మళ్లీ ఖాళీ చెయ్యే. భూషణం ముందుకు వంగి గుసగుసగా అన్నాడు.

"చూడమ్మా, మిగతా అందరివీ వచ్చాయి, అందరికీ ఇచ్చేశాను. నీ ఒక్కదానిదే షావుకార్లు కట్టలేదు. బయట అన్నావో, నీ పరువే పోతుంది. తర్వాత నీ ఇష్టం."

నాంచారమ్మ బయటికి వచ్చింది. అది సంత రోజు. సావడి ముందు జనం కిటకిటలాడుతున్నారు. మెట్ల మీద తోటి దళారులు నిలబడి ఉన్నారు. అందరి పెదవులూ ఎర్రగా ఉన్నాయి. అందరి సంచులూ గలగలమంటున్నాయి.

అందరితో పోటీపడి నవ్వే కోటిలింగం ఆమెను చూసి వేళాకోళమాడాడు.

"ఏం నాంచారక్కా, ఇవాళ సంచి మరీ బరువుగా ఉన్నట్టుందే! మోయడానికి ఎద్దును తోలుకు రమ్మంటావా?"

రేపు తన తలుపుకు తాళం. నేడు తన నోటికి తాళం. ఇక ఈ రెండు తాళాల్లో ఒకటి బద్దలు కావాల్సిందే అనుకుంది నాంచారమ్మ.

"తోలుకురా తమ్ముడూ," అంది. "మోయడానికి కాదు, మేపడానికి."

సంచి ముడి విప్పి బోర్లించింది. చింతపిక్కలు జలజలా రాలి మెట్ల మీద దొర్లుకుంటూ పోయాయి.

సంతలో జనం మెట్ల చుట్టూ మూగారు. ఆమె చెంపలు మండిపోయాయి. అయినా తల దించలేదు.

"మూడు పౌర్ణములుగా నాకు చిల్లిగవ్వ అందలేదు. అందినట్టు నటించాను. మీ అందరికీ అంది, నాకు ఒక్కదానికే అందలేదట. రేపు నా ఇల్లు పోతుంది. పోతే పోనీ, అబద్ధంతో కాపురం చేయలేను."

కోటిలింగం నవ్వు ఆగిపోయింది. అతను మెల్లగా తన సంచి విప్పాడు. అందులోంచి కుండపెంకులు రాలాయి.

"నాకూ అదే మాట చెప్పాడక్కా. అందరికీ ఇచ్చాను, నీదొక్కటే రాలేదు అన్నాడు."

దళారుల్లో అందరికన్నా ముసలివాడు జగ్గప్ప. ఆయన తన సంచి విప్పాడు. తెల్లని గవ్వలు బయటపడ్డాయి.

"ఇవి మా మనవరాలి గవ్వలు" అన్నాడు దిగులుగా. "ఆడుకోవడానికి ఇవ్వమని ఇంట్లో ఒకటే ఏడుపు."

ఎవరో ఫక్కున నవ్వారు. నవ్వుతూనే అందరూ కళ్లు తుడుచుకున్నారు. ఒక్కొక్క సంచీ విచ్చుకుంది. గులకరాళ్లు, ఇనుప ముక్కలు, ఎండు కుంకుడుకాయలు! ఇన్నాళ్లూ ఒకే గాయాన్ని ఒకరికొకరు దాచుకుని, ఒకరి మోతకు ఒకరు భయపడుతూ బతికారన్నమాట. ఒంటరి చేసి ఏలడమంటే ఇదే పిల్లలూ!

గొడవ విని భూషణం గుమ్మంలోకి వచ్చాడు.

"నన్నేం చేయమంటారు? షావుకార్లు కట్టలేదు మరి!"

అప్పుడు గుంపులోంచి గాజులమ్మే సైదమ్మ గంప దించి ముందుకొచ్చింది.

"కట్టలేదా! నా ఇంటి అప్పు నాడు పానకాలుగారు మూట కడుతుంటే ముడి మీద వేలు పెట్టింది నేనే కదయ్యా. ముడి బిగిసి వేలు కందిపోయింది కూడానూ. నాంచారొదినా, నీకు అందలేదని ఒక్క మాట చెప్పి ఉంటే ఎప్పుడో వచ్చేదాన్ని కదా! నేను రాత్రి కంటినిండా నిద్రపోయే చూరు నువ్వు కాళ్లరిగేలా తిరిగి తెచ్చిందే."

"నేనూ వేలు పెట్టాను" అన్నాడొక వడ్రంగి.

"నేనూ!" అందొక పాలామె.

చూస్తుండగానే సంతంతా వేళ్లు లేచాయి. నాంచారమ్మ ఇప్పించిన ఇళ్లు, కోటిలింగం ఇప్పించిన ఇళ్లు, జగ్గప్ప ఇప్పించిన ఇళ్లు అన్నీ అక్కడే నిలబడి సాక్ష్యం చెప్పాయి. నాంచారమ్మ చేతులు జోడించింది. దస్తూరీ కోసం ఇన్నాళ్లూ గుడ్డ కింద వెతికింది. తాను సంపాదించుకున్నదేమిటో ఆ వేళ్లను చూశాకే తెలిసింది.

"ఏమైనా సరే, గుడ్డ మాత్రం తీయడానికి వీల్లేదు. అది తాతల నాటి ఆచారం!" అని అరిచాడు భూషణం.

"ఆచారం తాతలదే భూషణం," అన్నాడు జగ్గప్ప. "సొమ్ము మాత్రం మాది."

అందరూ లోపలికి నడిచారు. ఎత్తుపీట మీది పట్టుగుడ్డ లాగితే అది పీట కాదు, పెట్టె! అందులో పసుపు మూటలున్నాయి. ముడులు కూడా విప్పలేదు. కానీ సగమే ఉన్నాయి. మిగతా సగం ఏమైందంటే, భూషణం మేడకు టేకు స్తంభాలై నిలబడింది.

భూషణం పెట్టె పక్కనే కూలబడ్డాడు.

"మొదట ఒక నెలకని ఆపాను. ఎవరూ అడగలేదు. అడగకపోయేసరికి అలవాటైపోయింది" అన్నాడు.

స్తంభాలు పెరికితే మేడ కూలుతుంది. అందుకని ఊరంతా ఆలోచించి ఒక తీర్పు చెప్పింది. భూషణం తన మేడను తాకట్టు పెట్టి అప్పు తేవాలి. దళారుల బాకీ తీర్చాలి. అలాంటివాడికి పూచీ పడి అప్పు ఇప్పించేదెవరు?

నాంచారమ్మ లేచింది. మేడ వెనక్కి వెళ్లి బావి చూసి వచ్చింది.

"చేదతాడు చుట్టలేదు," అంది. "అయినా ఇవాళ చుట్టిస్తాను. పూచీ నాది."

ఆ రోజు పానకాలు ఇంట్లో పసుపు మూట కట్టారు. ముడి మీద భూషణమే వేలు పెట్టాడు. నాంచారమ్మ గోడవైపు తిరగలేదు. ఎదురుగా నిలబడి చూసింది. ఆ దస్తూరీ కూడా తీసుకుంది. ఎందుకు తీసుకోకూడదు? పని చేసింది కదా!

చేతికందిన బాకీతో ఆమె తన అప్పు తీర్చేసింది. పానకాలు ఆమె ఇంటి పత్రం తిరిగి ఇస్తూ, "నీ సంచి మోత విని తప్పుగా అనుకున్నానమ్మా" అన్నాడు.

"మోగించింది నేనే కదండీ" అని నవ్వింది నాంచారమ్మ.

ఆనాటి నుంచి తూముపాలెంలో పైన కప్పే పట్టుగుడ్డను కింద పరిచారు. ప్రతి పౌర్ణమికీ అందరి ఎదుటా దాని మీదే దస్తూరీ పంచేవారు. మొదటి తాంబూలం మాత్రం దళారులకు కాదు, ముడి మీద వేలు పెట్టినవాళ్లకు. ఇక చింతపిక్కలంటారా? వాటిని ఊరి పిల్లలు ఏరుకుని, సావడి మెట్ల మీదే ఆడుకున్నారు. జగ్గప్ప మనవరాలికి గవ్వలు కూడా తిరిగి దక్కాయి.

నీతి: దాచుకున్న నష్టం దొంగకు నీడ, చెప్పుకున్న నష్టం అందరికీ గొడుగు.