ఖాళీ అని చూపించిన చోటు

దర్గా గురువు బుర్హాన్ షా శిష్యుల్లో కంప్యూటర్ పని తెలిసినవాడు రహంతుల్లా ఒక్కడే. ఆ సంగతి అతను ఎప్పుడూ మరిచిపోలేదు.

దర్గా వెనక ఖబరస్తాన్ ఉంది. ఏ గోరీ ఎవరిదో రాసే ఆఫీసులో ముగ్గురు గుమాస్తాలు, మూడు కంప్యూటర్లు. వాళ్లకు ప్రోగ్రామ్ చేసిచ్చింది రహంతుల్లాయే. పేర్లన్నీ ముగ్గురూ తెరిచే ఒక్క ఫైల్లోనే ఉండేవి.

"ముగ్గురూ ఒక్కసారే రాస్తే?" అని గురువు అడిగాడు.

"అలా ఎప్పుడో గానీ జరగదు, హజ్రత్."

జరిగింది. ఇద్దరు ఒకే క్షణంలో రాశారు. ఒకరి రాత రెండోవారి రాతను తుడిచేసింది. మర్నాడు తెర మీద ఖాళీ అని కనబడ్డ చోట తవ్వుతుంటే పార మెత్తగా దిగిపోయింది. అత్తరు వాసన వచ్చింది. ఆ తర్వాత శవానికి చుట్టిన తెల్లటి కఫన్ అంచు.

ముందురోజు పూడ్చిన జులేఖాబీ. ఆమె పేరు ఫైల్లో ఎక్కడా లేదు.

మట్టి మళ్లీ కప్పారు. గురువు శిష్యుడి చెయ్యి పట్టుకుని ఆ మట్టి మీద ఆనించాడు.

"ఇక్కడ ఎవరూ లేరని ఆమెకు చెప్పు."

మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆ మట్టి చల్లగా ఉంది. కింద ఎవరో చెవి ఒగ్గి వింటున్నట్టు రహంతుల్లాకు అనిపించింది.

వారం తర్వాత గురువు దగ్గరికి వచ్చాడు.

"పేర్లు దాచే డేటాబేసులు రెండు చూశాను, హజ్రత్. ఎంతమంది రాసినా రెండూ వరసలో ఒక్కొక్కరిదే తీసుకుంటాయి. మొదటిది వేగం. పేరు అందగానే 'రాశాను' అనేస్తుంది, కరెంటు పోయినా నిలిచే డిస్కు మీద తర్వాతెప్పుడో రాస్తుంది. రెండోది నిదానం. డిస్కు మీద రాశాకే ఆ మాటంటుంది. ఏది పెట్టమంటారు?"

"ఎవరి పేర్లు రాసి చూశావు?"

"ఏవో ఉత్తుత్తి పేర్లు."

"నీ పేరు రాయి. 'రాశాను' అని అది అనగానే కరెంటు తీగ లాగెయ్."

రహంతుల్లా మొదటిదాని ముందు కూర్చుని తన పేరు రాశాడు. పక్క గడి గోరీ నంబరు అడిగింది. కాసేపు ఆగి, అదీ రాశాడు. వెంటనే 'రాశాను' అంది. ప్లగ్గు మీద వేళ్లు బిగుసుకుపోయాయి. ఎంతసేపటికీ చెయ్యి రాలేదు.

లేచి రెండోదాని దగ్గరికి వెళ్లాడు. మళ్లీ పేరు, మళ్లీ నంబరు. ఆ మాట కోసం ఊపిరి బిగబట్టి చూశాడు. వచ్చింది. కళ్లు మూసుకుని తీగ లాగాడు.

గది నిశ్శబ్దమైపోయింది. ప్లగ్గు మళ్లీ పెట్టాడు. తెర మెల్లగా వెలిగింది.

గుమ్మంలోంచి గురువు అడిగాడు.

"ఉన్నావా?"

"ఉన్నాను, హజ్రత్."