గోగు ఏటివైపే ఎందుకు పరుగెత్తాడు

రావే పిట్టా రావే
రేగుపండు తేవే
ఏటి కవతలి... ఊఁ ఊఁ ఊఁ...
ఇంటికొచ్చి వాలవే

నా చిన్నప్పుడు చెమ్మచెక్క ఆడుతూ పాడుకున్న పాట ఇది. మనవలు పుట్టాక నాకు అక్షరాలు వచ్చాయి. సరే, రాసి పెట్టుకుందామని కూర్చుంటే మూడో ముక్క సగంలోనే ఆగిపోయింది. ఎంత తలగోక్కున్నా రాదు. విచిత్రం ఏమిటంటే, ఈ కథలో ఉన్న సూదమ్మకి కూడా సరిగ్గా ఆ ముక్కే గుర్తు లేదు. వినండి పిల్లలూ, చెబుతాను.

అనగనగా ఏటి ఒడ్డున ఒక అడవి. ఆ అడవిలో సూదమ్మ అని ఒక ముళ్ళపంది. ఒళ్ళంతా ముళ్ళే! అయినా అడవిలో పిల్లలంతా ఆవిణ్ణే చుట్టుకుని పడుకునేవాళ్ళు. పిల్లలు దగ్గరికి రాగానే ముళ్ళన్నీ వెనక్కి దువ్వుకున్నట్టు పడుకోబెట్టుకునేది మరి.

ఆ ఏడు ఎండాకాలంలో ఏటికి అవతలి కొండ అంటుకుంది. వెదురు పొదలు చిటపటా పేలుతూ కాలిపోయాయి. ఆ కొండ మీది పెద్దవాళ్ళు తలో దిక్కూ చెదిరిపోయారు. నలుగురు పిల్లలు మాత్రం ఏట్లో పడి, తడుస్తూ మునుగుతూ ఇవతలి ఒడ్డుకి చేరారు. రెండు కుందేలు పిల్లలు, బుర్రి అనే అడవిపంది పిల్ల, గోగు అనే దుప్పి కుర్రాడు. గోగుకి అప్పుడప్పుడే కొమ్ములు మొలుస్తున్నాయి.

ఇవతలి అడవి పెద్దలు కూడబలుక్కుని, "సూదమ్మా, ఈ పిల్లల్ని నువ్వే చూసుకోవాలి. నీకంటే ఎవరికి తెలుసు?" అన్నారు.

"దానికేం, చూస్తాను," అంది సూదమ్మ సంబరంగా.

సూదమ్మకి ఒక ముచ్చట ఉంది. మధ్యాహ్నం దుంపలూ పళ్ళూ లేతాకులూ కుప్పలు పోసి, తోక ఆడించేది. తోక చివర బోలు ముళ్ళు ఉంటాయి కదా, అవి గలగలా మోగేవి. అదే ఆవిడ అన్నం గంట. ఆ మోత వినగానే పిల్లలు ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ వచ్చేవాళ్ళు. కొత్తగా వచ్చిన కుందేలు పిల్లలూ బుర్రీ కూడా నాలుగు రోజుల్లో అలవాటు పడిపోయారు.

గోగు ఒక్కడే అలవాటు పడలేదు. సరిగ్గా అన్నం వేళకి లేచి, ఏటివైపు పరుగో పరుగు! గొంతుదాకా నీళ్ళలో దిగి వణుకుతూ నిలబడేవాడు. పిలిస్తే పలకడు. ఎండాకాలం కాబట్టి ఏరు సన్నగా ఉంది, ఎలాగో గడిచింది. ఇంతలో వానలు మొదలయ్యాయి. ఏరు ఎర్రబడి రోజురోజుకీ ఉబ్బుతోంది. ఇంకొక్క పెద్ద వాన కురిసిందంటే, దిగినవాణ్ణి దిగినట్టే పట్టుకుపోతుంది.

సూదమ్మ ఊరుకోలేదు. మొదట నేరేడుపళ్ళు ఏరి తెచ్చి, "నీకోసమేరా," అని గోగు ముందు పోసింది. వాడు తిన్నాడు. మధ్యాహ్నం మళ్ళీ పరుగెత్తాడు. తర్వాత ఏటికి దూరంగా, మెత్తటి గడ్డితో పక్క వేసింది. వాడు పడుకున్నాడు. మధ్యాహ్నం మళ్ళీ పరుగెత్తాడు. చివరికి దారికి అడ్డంగా రేగుకంప వేసింది. వాడు కంప మీంచి దూకాడు. కాలు గీరుకుపోయింది. అయినా పరుగెత్తాడు.

చెట్టు మీంచి కొండముచ్చు గంతులయ్య ఇదంతా చూస్తున్నాడు. "రెండు తగిలించు సూదమ్మా! ఒళ్ళంతా బెత్తాలే పెట్టుకుని ఆలోచిస్తావేం?" అన్నాడు.

"నోరు మూసుకో గంతులయ్యా. వాడి కాలు చూస్తే నాకు ముద్ద దిగడం లేదు."

ఆ మాటకి గంతులయ్య కిందికి దిగి వచ్చాడు. "అయితే పోయి కొంకవ్వని అడగరాదూ?"

కొంకవ్వ అంటే ముసలి ఎర్రకాళ్ళ కొంగ. ఏటేటా ఎక్కడెక్కడి నుంచో ఎగిరి వచ్చి, మడుగు దగ్గర తుమ్మచెట్టు మీద కాపురం పెట్టేది. కాలిన అడవులు చూసింది, మునిగిన అడవులు చూసింది. ఇల్లు పోయిన పిల్లల్ని లెక్కలేనంతమందిని చూసింది.

"నేను వెళ్ళి అడగడమా?" అంది సూదమ్మ. "పెద్దలు వింటే? చేతకానిదాని చేతిలో పెట్టామని పిల్లల్ని తీసుకుపోరూ?"

గంతులయ్య ఈసారి వెక్కిరించలేదు. "అడిగితే పెద్దలు తీసుకుపోతారో లేదో నాకు తెలీదు. అడక్కపోతే మాత్రం ఏరు తీసుకుపోతుంది," అన్నాడు.

సూదమ్మ మడుగు దారి పట్టింది.

కొంకవ్వ ఒంటికాలి మీద నిలబడి ఉంది. సూదమ్మ గుక్కతిప్పుకోకుండా అంతా చెప్పి, "నాకేం తోచడం లేదవ్వా. నువ్వొచ్చి వాణ్ణి బాగుచెయ్యి," అంది.

"నేను రాను," అంది కొంకవ్వ.

"అదేంటవ్వా! ఇంత దూరం వచ్చి అడిగితే!"

"వాడు ఇప్పటికే ఎన్నో కొత్త ముఖాలు చూసి ఉంటాడు. ఇంకోటి ఎందుకు, అదీ ఇంత పొడుగు ముక్కుతో? నీ పక్కన పడుకుంటున్నాడుగా. వాడికి తోడు నువ్వు. నీకు తోడు నేను. కూర్చో, మాట్లాడుకుందాం. వాడు ఎప్పుడు పరుగెత్తుతాడు?"

"అన్నం వేళకి."

"పరుగెత్తే ముందు ఏం చేస్తాడు?"

సూదమ్మ ఆలోచించింది. "చెవులు నిక్కబొడుస్తాడు. ఒకసారి ఆకాశంకేసి చూస్తాడు. పొగ ఏమైనా ఉందా అన్నట్టు..."

"ఊఁ. ఆ సమయానికి నువ్వేం చేస్తుంటావు?"

"నేనా? నేనేం చేస్తాను? అన్నం పెట్టి తోక ఆడిస్తుంటాను."

"ఏదీ, ఆడించు."

సూదమ్మ ఆడించింది. కొంకవ్వ మంచీ చెడూ ఏమీ అనలేదు. "మళ్ళీ ఆడించు. ఈసారి కళ్ళు మూసుకుని విను. ఈ చప్పుడు ఇంకెక్కడైనా విన్నావా?"

సూదమ్మ కళ్ళు మూసుకుని ఆడించింది. గలగల, గరగర, చిటపట... తోక సగంలో ఆగిపోయింది.

"అయ్యో నా తల్లీ! వెదుర్లు! ఆ రోజు ఇవతలి ఒడ్డు నుంచి నేనూ విన్నాను. వాడిది పెంకితనం కాదవ్వా. వాడికి రోజూ కొండ అంటుకుంటోంది. రోజూ నా తోకే అంటిస్తోంది!"

సూదమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఏడువు, ఏడువు. ముళ్ళు మాత్రం ఇటు తిప్పకు, నాకున్నవి రెండే కాళ్ళు," అంది కొంకవ్వ. సూదమ్మకి ఏడుపులోనే నవ్వొచ్చింది. కొంకవ్వ ముక్కుతో ఆవిడ నెత్తి మీద మెల్లగా నిమిరింది. "నువ్వు అన్నానికి పిలిచావు. వాడికి మంట వినిపించింది. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఇప్పుడేం చేస్తావు?"

"తోక ఆడించను. పాట పాడి పిలుస్తాను. కానీ నాకొచ్చిన పాటలో ఒక ముక్క గుర్తు లేదే!"

"గుర్తు లేని చోట ఆగు. ఏమవుతుందో చూద్దాం."

మర్నాడు మధ్యాహ్నం సూదమ్మ తోకని కదలకుండా కింద నొక్కిపట్టి, గొంతు సవరించుకుని పాడింది. "రావే పిట్టా రావే... ఏటి కవతలి... ఊఁ ఊఁ ఊఁ..."

"అత్తా, కప్పని మింగావా?" అంది బుర్రి. కుందేలు పిల్లలు నవ్వుతూ దొర్లారు. గోగు చెవులు నిక్కబొడిచాడు. ఆకాశంకేసి చూశాడు. సూదమ్మకేసి చూశాడు. ఒక కాలు ఏటివైపు ఎత్తాడు గానీ, పరుగెత్తలేదు.

సూదమ్మ దగ్గరికి వెళ్ళి నెమ్మదిగా అడిగింది. "గోగూ, నా తోక చప్పుడు నీకు ఆ రోజు వెదుర్లలా వినిపించేది కదూ?"

గోగు తల ఊపాడు. "అమ్మ చెప్పింది," అన్నాడు. "చిటపట వినబడితే ఏట్లోకి దూకెయ్, వెనక్కి చూడకు అంది."

"అమ్మ మాట విన్నావు, బతికావు. ఎంత మంచి పిల్లాడివిరా! ఇక్కడ ఆ చప్పుడు చెయ్యనులే నాన్నా."

ఆ రోజు గోగు అందరితోపాటు కూర్చుని తిన్నాడు. సాయంత్రం ఆకాశం చిల్లుపడ్డట్టు వాన. ఏరు గట్లు తెంచుకుని, చెట్లని దొర్లించుకుంటూ పోయింది. గోగు మాత్రం రాతి చూరు కింద, బుర్రి వీపు మీద తల పెట్టుకుని నిద్రపోతున్నాడు.

అంతటితో అంతా సర్దుకుపోయిందా అంటే, లేదు. ఒక్కోరోజు ఎండుకొమ్మ విరిగినా ఉలిక్కిపడి పరుగు అందుకునేవాడు. సగం దారిలో ఆగి వెనక్కి వచ్చేవాడు. అలాంటి రోజున సూదమ్మ మళ్ళీ మడుగు దగ్గరికి పోయేది. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకునేవాళ్ళు. ఇదంతా గంతులయ్య అడవంతా చాటేశాడు. పెద్దలు వచ్చారు. సూదమ్మ పిల్లల్ని దగ్గరికి లాక్కుంది. తీరా చూస్తే, వాళ్ళు వచ్చింది ఉన్న పిల్లల్ని తీసుకుపోవడానికి కాదు, ఇంకో ఇద్దర్ని అప్పగించడానికి!

ఒక మధ్యాహ్నం సూదమ్మ ఎప్పటిలాగే "ఏటి కవతలి... ఊఁ ఊఁ" అంటుంటే, వెనక నుంచి గోగు గొంతు కలిపాడు.

రావే పిట్టా రావే
రేగుపండు తేవే
ఏటి కవతలి కొండ చూసి
ఇంటికొచ్చి వాలవే

పిల్లలంతా గంతులే గంతులు. నా చిన్ననాటి ముక్క అదేనో కాదో నాకు తెలియదు గానీ, ఇప్పుడు నేను కూడా అలాగే పాడుకుంటున్నాను.

వానలు ముదిరాయి. కొంకవ్వ వెళ్ళిపోయే రోజు వచ్చింది. వెళ్ళేముందు అవతలి కొండ మీద ఒక చుట్టు తిరిగి వచ్చి, సూదమ్మ ముందు వాలింది.

"కొండంతా పచ్చిక మొలిచిందే! గోగుకి ఈ మాట నువ్వే చెప్పు. నీ నోట వింటేనే నమ్ముతాడు."

"నువ్వు వెళ్ళిపోతే నాకెలా అవ్వా?" అంది సూదమ్మ.

కొంకవ్వ రెక్కలు విప్పి, గాలిలోకి లేస్తూ అంది:

"మళ్ళీ ఏడు వస్తానుగా! నీకు తెలియనివన్నీ పోగుచేసి పెట్టు, కూర్చుని మాట్లాడుకుందాం!"

నీతి: తెలియని చోట ఆగి, తెలిసినవారిని అడిగి చూసుకునేవారి దగ్గరే పిల్లలు చల్లగా ఉంటారు.