పావని తిన్న దుంపలు

ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పే అలవాటు కపిలానందస్వామికి బొత్తిగా లేదు. ఆ సంగతి ఆశ్రమంలో అందరికీ తెలుసు, ఒక్క భార్గవకి తప్ప. నేపాల్‌లో భూకంపం వచ్చిన కొండల్లోకి సేవకు బయల్దేరుతూ ఆశీర్వాదానికి వచ్చినవాడు, ఊరుకోక అడిగాడు. "స్వామీ, పరాయిదేశం సేవకు వెళితే ఎంతో నేర్చుకోవచ్చంటారు అందరూ. పెట్టడానికి వెళ్ళేవాడికి నేర్చుకునేందుకు ఏముంటుంది?"

స్వామి నవ్వి, "మన పావని నీకంటే ముందే వెళ్ళింది కదూ, ఆ పిల్ల సంగతి విను" అంటూ మొదలుపెట్టారు.

పావని అక్కడ వంటశాలలో వడ్డనకు ఉండేది. బంగారంలాంటి పిల్లే గానీ, నియమమంటే మహా పట్టుదల. కష్టంలో ఉన్నవాళ్ళ దగ్గర మంచినీళ్ళు కూడా పుచ్చుకోకూడదని ఇక్కడినుంచి వెళ్ళే సేవకులకు నియమం. రోజూ బంతిలో కూర్చుని తినే సుకుమాయ అనే ముసలమ్మ, ఒకనాడు కూలిన తన ఇంటి మట్టిలోంచి నాలుగు బంగాళాదుంపలు తవ్వి తీసి, ఉడకబెట్టి, ఉప్పూకారం అద్ది పావనికి తెచ్చిచ్చింది. "అయ్యో, వద్దమ్మా, మీరే తినండి" అంటూ ఈ పిల్ల రెండు చేతులూ జోడించింది. ముసలమ్మ దుంపలు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ పూట భోజనానికి రాలేదు. మర్నాడూ రాలేదు. ఆ చలిలో, ఆ వయసులో పస్తులంటే మాటలా? పావని పళ్ళెం పట్టుకుని వెళితే కన్నెత్తి చూడలేదు.

"తినమ్మా, ప్రాణం పోతుంది" అని ఏడ్చింది పావని.

"ఇల్లు పోయిందని నన్ను ముష్టిదాన్ని చేశావా?" అంది సుకుమాయ, తనకొచ్చిన హిందీలో.

పావనికి తల కొట్టేసినట్టయింది. పళ్ళెం పక్కన పెట్టి, ఆ మట్టిలోనే చతికిలబడి, "ఆకలేస్తోందమ్మా, పొద్దున్నుంచీ ఏమీ తినలేదు" అంది. నిజమే, వడ్డించేవాళ్ళు తినేది చివర్నే కదా! ముసలమ్మ గబగబా పొయ్యి రాజేసింది. మట్టిలోంచి మరో నాలుగు దుంపలు తవ్వి తెచ్చి, ఉడికాక తొక్క తీసి మరీ పెట్టింది. చాలమ్మా అంటే వింటేగా! కసిరి కసిరి పెట్టింది. పావని కడుపునిండా తిన్నాక గానీ తన పళ్ళెం దగ్గరికి లాక్కోలేదు.

భార్గవ నెమ్మదిగా, "మరి నేనేం పట్టుకెళ్ళను స్వామీ?" అన్నాడు.

"మందులూ దుప్పట్లూ ఎలాగూ పట్టుకెళ్తున్నావు. కాస్త ఆకలి కూడా ఉంచుకో నాయనా" అన్నారు స్వామి.