ఎస్తేరు దావా

చైత్ర రాసిన పిటిషన్ వలీ గారి బల్ల మీద చాలా రోజులుగా పడి ఉంది. ఆయన సంతకం పెట్టడం లేదు. పెట్టనని కూడా అనడం లేదు.

ఖాదర్ వలీ గారిది కడప. కెనడాలో, టొరంటో పక్కన ఒక చిన్న ఊళ్ళో, రొట్టెల దుకాణం మేడ మీద, ఎంతో కాలంగా వకీలుగా ఉంటున్నారు. లా పూర్తిచేసిన చైత్ర ఆయన దగ్గర పని నేర్చుకుంటోంది.

ఆ కేసు ఎస్తేరు గారిది. ఆమె ఇంట్లోనే పసిపిల్లల్ని చూసుకునేది. ఉద్యోగాలకు వెళ్ళే తల్లులు పొద్దున దింపి సాయంత్రం తీసుకెళ్ళేవాళ్ళు. పిల్లలు ఏడవకుండా ఆమె పాలలో నిద్రమందు కలుపుతోందని ఆ ఊరి వారపత్రిక ఒకరోజు రాసేసింది. అధికారులు వచ్చారు, పరీక్షలు చేయించారు, అలాంటిదేమీ లేదని తేల్చారు. ఆ సంగతి పత్రిక వేయలేదు. పిల్లలు మళ్ళీ రాలేదు.

పత్రిక మీద పరువునష్టం దావా వేయాలంటే ముందుగా నోటీసు ఇవ్వాలి. చట్టం దానికి పెట్టిన గడువు చాలా తక్కువ. ఎస్తేరు గారికి ఇంగ్లీషు చదవడం రాదు. ఆ గడువు సంగతి తెలిసేసరికి అది దాటిపోయింది. ఇక చేసేదేమీ లేదని ఇద్దరు లాయర్లు పంపేశారు.

చైత్ర మాత్రం పంపలేదు.

"గడువు దాటిపోతే గడువునే కొట్టేయిద్దాం సార్! భాష రానివాళ్ళకే ఈ నిబంధన ఎక్కువ అన్యాయం చేస్తోంది. ఈ దేశ రాజ్యాంగంలోని హక్కుల చార్టర్ ఇచ్చిన సమానత్వపు హక్కుకి ఇది విరుద్ధం. ఈ చట్టం నిలబడదు."

అని, అలాగే పిటిషన్ రాసింది. ఎన్నాళ్ళకీ సంతకం పడకపోయేసరికి, చివరికి ఉండబట్టలేక వలీ గారిని అడిగింది.

"నా డ్రాఫ్టులో తప్పేమైనా ఉందా సార్?"

"లేదమ్మా. వాదన గట్టిగా ఉంది."

"మరి?"

వలీ గారు కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకున్నారు. ఇలా చట్టాల్ని కొట్టేయమని ఆయన వేసిన కేసులు కొన్ని గెలిచాయి. గెలిచేనాటికి ఆ కక్షిదారుల్లో ఎవరికీ సంతోషించే ఓపిక మిగల్లేదు.

"ఎస్తేరమ్మని ఒకసారి రమ్మను," అన్నారు.

ఆమె పని ముగించుకుని నేరుగా వచ్చింది. ఇప్పుడొక హోటల్లో గదులు శుభ్రం చేస్తోంది. కోటు విప్పకుండానే కుర్చీ అంచున కూర్చుంది.

"మీరు ఒప్పుకునే ముందు ఇందులో ఏముందో మీకు తెలియాలి," అన్నారు వలీ గారు. "చైత్ర తెలుగులో చెబుతుంది."

చైత్ర హుషారుగా కాగితాలు తిప్పి, రాజ్యాంగం గురించిన భాగం తీసింది.

"అక్కణ్ణించి కాదమ్మా. మొదటి నుంచి."

పత్రిక ఏ మాటలు రాసిందో ఆ మాటల్నే పిటిషన్‌లో పెట్టాలి. ఇంగ్లీషులో వాటిని టైపు చేయడానికి చైత్రకి ఎంతోసేపు పట్టలేదు.

"ఆ పత్రిక ఇలా రాసింది," అని మొదలుపెట్టింది. "ఎస్తేరు అనే ఆమె, తనని నమ్మి అప్పగించిన పసివాళ్ళకి... పాలలో..."

ఆగిపోయింది. ఎస్తేరు గారు ఆమె వంకే చూస్తోంది. చైత్ర వలీ గారి వైపు చూసింది. ఆయన తల ఎత్తలేదు.

"పాలలో నిద్రమందు కలిపి పట్టేది."

కింద దుకాణంలో ఎవరో రొట్టెలు కాల్చే రేకులు సర్దుతున్న చప్పుడు.

చైత్ర తర్వాతి వాక్యానికి వెళ్ళింది. అది రాసినప్పుడు ఆమెకి బాగా నచ్చిన వాక్యం.

"చట్టంలో ఉన్న లోపాన్ని చూపడానికి ఈ వాది చక్కటి ఉదాహరణ."

"ఉదాహరణ అంటే నేనామ్మా?"

"అవునండీ," అంది చైత్ర, మెల్లగా.

"కోర్టులో ఇదంతా చదువుతారా?"

"చదువుతారండీ. ప్రభుత్వం తరఫువాళ్ళూ చదువుతారు. పైకోర్టుకి వెళితే అక్కడ మళ్ళీ."

"నా పేరుతోనే?"

"కేసుకి మీ పేరే ఉంటుందండీ."

"గెలుస్తామా?"

నిన్నటిదాకా దీనికి చైత్ర దగ్గర జవాబు ఉంది.

"తెలీదండీ."

ఎస్తేరు గారు కోటు సర్దుకుంది. తర్వాత లేచింది.

"వెయ్యండి. ఊరుకున్నా అనేవాళ్ళు అంటూనే ఉన్నారు. అక్కడ చదివేటప్పుడు మాత్రం నువ్వే చదవమ్మా. ఆ మాట దగ్గర నీకు నోరు రాలేదు. పత్రికలో రాసినవాడికి చెయ్యి ఆగలేదు."

బస్సు దొరకదని ఆమె వెళ్ళిపోయింది. మెట్ల మీద ఆమె అడుగుల చప్పుడు తగ్గిపోయింది.

చైత్ర కాగితాలు దగ్గరికి తీసుకుంది.

"సార్, సంతకం..."

"పెడతానమ్మా," అన్నారు వలీ గారు. "ముందు, ఆమె కూర్చుని వినగలిగేలా రాసుకురా."