జున్నుగాడి ఎర్ర చుక్కలు

గెడ్డపాలెంలో తెలివి గురించి మాట వస్తే చాలు, అచ్చియమ్మ ముందుకొచ్చి కూర్చునేది. "మా ఇంట్లో ఇంత తెలివుంది కాబట్టే తలుపుకి తాళమేసుకుంటాం" అనేది. ఆవిడ కొడుకులు పోలయ్య, గవరయ్య అవునవునని తలలూపేవారు. తాళంచెవి ఎక్కడ పోతుందోనని దాన్ని ఇంట్లోనే పెట్టి తాళం వేసేవారు. అందుకే ఆ ఇంట్లోకి రాకపోకలన్నీ కిటికీలోంచే.

వాళ్ళ కుక్క జున్ను. ముగ్గురికీ వాడంటే ప్రాణం. ఆ ఏడు చుట్టుపక్కల ఊళ్ళలో పిడుదులు కుట్టి కుక్కలకి జ్వరాలు తగిలాయి. జున్ను కూడా ముద్ద ముట్టడం మానేశాడు.

పశువుల డాక్టరమ్మ వచ్చింది. జబ్బు ఎంతదూరం పాకిందో తెలియాలని ఇళ్ళూ, ఊరివాళ్ళు గెడ్డ అనే వాగూ కనిపించేలా ఊరి పటం గీసింది. ఇది చూసుకునే తెలివైనవాళ్ళెవరని అడిగింది. ఇంకేముంది, పటం అచ్చియమ్మ గోడకెక్కింది.

"జబ్బు కుక్క ఎక్కడుంటే అక్కడ తడి కుంకంతో ఓ చుక్క పెట్టండి. మందు అయిపోయింది, రేపు తెస్తాను. చుక్కలున్న చోటికే వస్తాను. ఆలస్యమైతే కుక్క దక్కదు" అని చెప్పి వెళ్ళింది.

అచ్చియమ్మ తన ఇంటి బొమ్మ మీద చుక్క పెట్టింది. ఈలోగా జున్ను లేచి తూలుకుంటూ బయటికి నడిచాడు.

"అమ్మా, జున్నుగాడు టీకొట్టు కాడికెళ్ళిపోనాడే" అని గవరయ్య వీధిలోంచి అరిచాడు.

అంతే, టీకొట్టు మీద ఓ చుక్క. అక్కణ్ణించి కుళాయి దగ్గరికి, అక్కణ్ణించి రేషన్ కొట్టు నీడకి. వాడు ఆగిన చోటల్లా గవరయ్య కేకేశాడు, పోలయ్య ఆ కేకని కిటికీలోంచి అందించాడు, అచ్చియమ్మ చుక్క పెట్టింది. పొద్దు వాలేసరికి పటమంతా ఎర్రబారింది.

అప్పుడు పటాన్ని తేరిపార చూసి ముగ్గురూ గుండెలు బాదుకున్నారు.

"ఊరంతా జబ్బు పాకిపోనాది. మన జున్నుగాడు ఇంకెలా బతుకుతాడురా" అని అచ్చియమ్మ ఏడ్చింది.

"గెడ్డకి అవతల ఒక్క చుక్కా నేదు. వాణ్ణి అటు దాచేద్దాం" అన్నాడు పోలయ్య.

తెలివంటే అదీ. జున్నుని ఎత్తుకెళ్ళి, వాగు అవతలి మామిడితోటలో వదిలేసి వచ్చారు. జబ్బు వాగు దాటకుండా పటాన్ని కూడా వాగు గీత వెంబడి కత్తిరించి, అవతలి ముక్కని అటకమీద పెట్టేశారు.

మర్నాడు డాక్టరమ్మ పటం చూసి అదిరిపడింది. మందుల పెట్టెతో వీధివీధీ తిరిగింది. ఎక్కడ చూసినా కుక్కలు హాయిగా తోకలాడిస్తున్నాయి. ఎండలో మాడి తిరిగొచ్చి అడిగింది.

"మరి జున్ను ఏడమ్మా?"

"జబ్బు నేని చోట దాచేసినాం తల్లీ. మీకేటీ బెంగొద్దు."

పాపం, డాక్టరమ్మ తల పట్టుకుని వాగులో పడుతూ లేస్తూ దాటింది. మామిడి చెట్టు కింద జున్ను కళ్ళు తేలేసి ఉన్నాడు. అక్కడే సూది వేసింది, రోజూ వచ్చి వేసింది. వాడు లేచి ఆవిడ చెయ్యి నాకిన రోజు అన్నదమ్ములిద్దరూ పసిపిల్లల్లా ఏడ్చారు.

"నయమైపోయింది. ఇంటికి తీసుకెళ్ళి ఆ చుక్కలు తుడిచెయ్యండి" అంది డాక్టరమ్మ.

జున్ను ఇంట్లో అడుగుపెట్టేలోపే చుక్క పోవాలని అచ్చియమ్మ పరుగున వెళ్ళి తడిగుడ్డతో గట్టిగా రుద్దింది. చుక్కతో పాటు ఇంటి బొమ్మా పోయింది. పటంలో ఆ చోట చిల్లు మిగిలింది. ఇంకేముంది, ముగ్గురూ కిటికీలోంచి బయటికి దూకేశారు.

సాయంత్రం జోరున వాన. డాక్టరమ్మ వచ్చి మళ్ళీ ఇల్లు గీసేదాకా కదలకూడదని ముగ్గురూ వీధిలో నెత్తిన చేట పెట్టుకుని తడుస్తూ కూర్చున్నారు. జున్ను మాత్రం కిటికీలోంచి లోపలికి దూకి, మంచమెక్కి పడుకున్నాడు.

"ఒరే జున్నూ, బయటికి రారా. అక్కడ ఇల్లు నేదురా, పడిపోతావు" అని ముగ్గురూ తెల్లారేదాకా బతిమాలుతూనే ఉన్నారు.